పొటోమాకు కాలువగట్టు



నేఁడు నేను మనవి చేయఁదలఁచినది ఒక బాటయొక్క చరిత్ర. రాజుల చరిత్రలును యుద్ధముల చరిత్రలును మీరు పెక్కు విని యున్నారు. బాటకు చరిత్ర యేమి యని కొందఱికి తోఁపవచ్చును. కాని రాజ్యములు పోయినను బాటలు మిగులును. ఎవరు ఏ పనికై వేసిరో యా పని నశించిన పిమ్మట, వేఱొక తరమువారికి వేఱొక పనికి అవి యుపకరించును. అట్టి బాట యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో, వాషింగ్టను నగరమున జార్జిటౌన్ అను పేట యొద్ద మొదలై, పొటోమాకు నది యొడ్డు ననుసరించి, అడవులలో నుండి 184½ మైళ్లు పోయి కంబర్లండు అను పట్టణమును చేరుచున్నది. దానిమీఁద మోటారు బండ్ల రాకపోకలు లేవు. నడచువారును, సైకిళ్లపై తీరికగా పోవువారును దానిని విశేషముగా వాడుచున్నారు. ఆ బాట యెట్లు పుట్టెను, ఎట్లు చావునకు సిద్ధమయ్యెను, ఎవరు దానిని నిలిపిరి యనునది నేఁటి ప్రసంగ విషయము.

అది మొదట బాటగా పుట్టలేదు, కాలువగట్టుగా పుట్టినది. గోదావరి, కృష్ణా డెల్టాలలోని పెద్దలకు కాలువగట్టు లనఁగా నేమో, లాకు లనఁగా నేమో నేను చెప్పఁబనిలేదు. మెట్టప్రాంతములవారికొఱకు ఒక్కమాట. ఎత్తుపల్లములు గల నేలలో పడవ నడుపవలెనన్నచో కాలువను మెట్లు మెట్లుగా త్రవ్వుదురు. ఒక మెట్టునుండి వేఱొక మెట్టునకు పడవను చేర్చుటకు రెండు జతల తలుపులు గల తొట్టివంటి కట్టడ ముండును. పడవ లోపలికి వచ్చిన పిదప తలుపులు మూసి, నీరు నింపినచో పడవ పైకి లేచును. నీరు వదలినచో క్రిందికి దిగును. దీనినే మనవారు లాకు అని వాడుక చేసికొనిరి.

పొటోమాకు నదిలో జలపాతములును రాళ్లును మిక్కుటము. నదివెంట పడవలు నడిపి, పడమటి కొండల కావలనున్న ఒహాయో నదీ ప్రాంతముతో వర్తకము పెంపొందింపవలెనని ఆ దేశపు మొదటి యధ్యక్షుఁడైన జార్జి వాషింగ్టను కలలు కనెను. ఆయన యధ్యక్షుఁడగుటకు పూర్వమే, 1785లో, ఇందుకొఱకు ఏర్పడిన కంపెనీకి తానే నాయకత్వము వహించెను. ఆ కంపెనీ జలపాతములకు ప్రక్కగా చిన్న కాలువలు త్రవ్వించెను గాని, వేసవిలో నదిలో నీరు చాలక, వానలలో వఱద యెక్కువై, పని సాఁగలేదు. కావున నదిని విడిచి, దాని ప్రక్కనే పూర్తిగా వేఱొక కాలువ త్రవ్వుటకు తరువాతి తరమువారు నిశ్చయించిరి. సముద్రపు పాయ యగు చెసపీకునుండి ఒహాయో నదివఱకు పోవలసినది గనుక దానికి చెసపీక్ ఒహాయో కాలువ యని పేరిడిరి.

1828 జూలై 4వ తేదీన, ఆ దేశపు స్వాతంత్ర్యదినమున, అధ్యక్షుఁడు జాన్ క్విన్సీ ఆడమ్స్ మొదటి పార మన్ను తీయుటకు వచ్చెను. పార వేయఁగా అది నేలలో దిగలేదు, చెట్టువేరు అడ్డుపడెను. మరల వేసెను, మరల దిగలేదు. అప్పుడాయన కోటు విప్పి ప్రక్కన పెట్టి, బలము కొలఁది పారతో పొడిచి మన్నెత్తెను. చూడవచ్చిన జనులు హర్షధ్వానములు చేసిరి. చిత్రమేమనఁగా, సరిగా ఆ దినముననే, నలువది మైళ్ల లోపు దూరములోనున్న బాల్టిమోరు నగరమున మఱియొక శంకుస్థాపన జరుగుచుండెను. అది బాల్టిమోరు ఒహాయో రైలుమార్గము. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకములు చేసినవారిలో అప్పటికి జీవించియున్న ఏకైక పురుషుఁడు, తొంబది యేండ్ల వృద్ధుఁడు చార్లెస్ కారల్, దానికి మొదటి రాయి వేసెను. ఒకే దినమున పుట్టిన యీ యిద్దఱును దాయాదులవలె ఇరువది రెండేండ్లు పోటీపడిరి. రైలు 1842లో కంబర్లండు చేరెను. కాలువ 1850లో గాని చేరలేదు. అచ్చటనుండి ముందునకు పోవుటకు కాలువకు ధనమును లేదు, అవసరమును లేదు. ఒహాయో నది దానికి పేరులోనే మిగిలిపోయెను.

అయినను కట్టిన పని సామాన్యమైనది కాదు. మొదటినుండి తుదివఱకు 605 అడుగుల యెత్తు ఎక్కుటకు 74 లాకులు కట్టిరి. అడ్డమువచ్చిన యేఱులను దాఁటించుటకు పదునొకండు అక్విడక్టులు, అనఁగా కాలువను మోయు వంతెనలు, కట్టిరి. మన కోనసీమలో గన్నవరమువద్ద గోదావరి పాయమీఁదుగా కాలువ పోవుటను చూచినవారికి ఈ కట్టడము సులభముగా బోధపడును. వానిలో పెద్దది మోనోకసీ యేటిపై ఏడు కమానులతో 516 అడుగుల పొడవున నిలిచి యున్నది. ఒకచోట నది ఆఱు మైళ్లు వంకలు తిరుగుచుండఁగా, ఆ వంకలను తప్పించుటకు కొండను తొలిచి 3118 అడుగుల సొరంగము చేసిరి. 1836లో మొదలిడిన ఆ సొరంగము 1850లో ముగిసెను. దానికి పాపా సొరంగమని పేరు. పాపా యనునది అచ్చటి అడవులలో కాయు ఒక పండు. మన సీతాఫలపు కుటుంబములోనిదే యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ పనులు చేసిన కూలీలలో ఐర్లండునుండి వలసవచ్చిన బీదలు పెక్కురు. 1832లో కలరా వచ్చి వారిలో ఎందఱినో కబళించెను. కూలి డబ్బు సరిగా ముట్టకయు, ముఠాల వైరములచేతను 1834లో వారిలో కొట్లాటలు చెలరేఁగఁగా, వానిని అణఁచుటకు అధ్యక్షుఁడు జాక్సన్ సైన్యమును పంపవలసివచ్చెను. నేఁడు ఆ గట్టుపై హాయిగా పోవువారు తమ చక్రముల క్రిందనున్న మన్ను ఎవరి చెమటతో తడిసినదో ఒక్కమాఱు తలఁచుకొనుట న్యాయము.

కాలువకును నదికిని నడుమ పండ్రెండడుగుల వెడల్పున గట్టును చదునుచేసి వదలిరి. పడవలను లాగు కంచరగాడిదలు నడచుటకై ఆ బాట. కంబర్లండు గనుల బొగ్గు ఒక్కొక్క పడవలో నూటయిరువది టన్నులవఱకు ఎక్కించెడివారు. పొడవైన త్రాటితో రెండు మూఁడు కంచరగాడిదలు లాగుచుండఁగా పడవ మనిషి నడకకంటె వేగముగా పోయెడిది కాదు. పడవలోనే సంసారము. తండ్రి చుక్కాని పట్టును. తల్లి వంట చేయును. పిల్లలు గట్టుమీఁద జంతువులవెంట నడతురు. అలసిన జంతువులకు పడవ ముందుభాగముననే కొట్టము. 1875 ప్రాంతమున ఏఁటికి తొమ్మిదిలక్షల టన్నులకు పైగా సరకు ఈ దారిని పోయెను. అంతర్యుద్ధ కాలమున, 1862లో, దక్షిణ సైనికులు మోనోకసీ అక్విడక్టును పడఁగొట్టఁజూచి, ఆ రాతిపని గట్టితనమునకు ఓడి వెనుదిరిగిరి.

శత్రువు చేయలేని పనిని నది చేసెను. 1889లో వచ్చిన మహావఱద గట్లను త్రెంచివేయఁగా కంపెనీ దివాలా తీసెను. అప్పులిచ్చిన వారిలో ముఖ్యమైన రైలు కంపెనీయే కాలువను తన యధీనమునకు తెచ్చుకొనెను. దాయాదియే ధర్మకర్త యయ్యెనన్నమాట. 1924లో మఱొక వఱద వచ్చెను. ఆ పిమ్మట పడవలు నడువలేదు. లాకు తలుపులు శిథిలమయ్యెను. కాలువలో చెట్లు మొలిచెను. గట్టు మాత్రము మిగిలెను.

ఇఁక సైకిలు మాట. 1817లో జర్మనీదేశీయుఁడు కార్ల్ డ్రైస్ కాళ్లతో నేలను తన్నుచు పోవు రెండు చక్రముల బండిని చేసెను. 1885లో ఇంగ్లండున స్టార్లీ రెండు సమానమైన చక్రములును గొలుసును గల బండిని ప్రచారమునకు తెచ్చెను. 1888లో డన్లప్ గాలి నింపిన రబ్బరు చక్రమును వాడుకకు తెచ్చెను. దానితో సైకిలు లోకమంతట వ్యాపించెను. అమెరికాలో అప్పటి పల్లెబాటలు బురదగుంటలు. కావున సైకిలువారే సంఘములుగా చేరి, మంచి రోడ్లు వేయుఁడని ప్రభుత్వములను వేఁడిరి. 1880లో నేర్పడిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అను సంఘము ఇందుకై 1892లో ‘గుడ్ రోడ్స్’ అను పత్రికనుగూడ స్థాపించెను. వారి మొఱ ఫలించెను, రోడ్లు పడెను. కాని ఆ రోడ్లమీఁదికి వెంటనే మోటారుకార్లు వచ్చెను. ఎవరు రోడ్లను కోరిరో వారికే ఆ రోడ్లమీఁద చోటు లేకపోయెను. ఇల్లు కట్టించినవాఁడు వీధి యరుగుమీఁద పరుండుట వంటి దిది.

1938లో అమెరికా ప్రభుత్వము ఇరువదిలక్షల డాలర్లకు పాడుపడిన కాలువను కొనెను. దేశమున నిరుద్యోగము మెండుగానున్న ఆ కాలములో, పని లేని యువకులకు పని కల్పించు పథకము క్రింద నల్లజాతి యువకుల దళములు వాషింగ్టనుకు దగ్గఱనున్న భాగమును 1942వఱకు బాగుచేసెను. యుద్ధానంతరము మఱియొక ఆలోచన బయలుదేఱెను. కాలువ యెట్లును చచ్చినది. గట్టు సిద్ధముగా నున్నది. దానిపై కార్లకొఱకు వెడల్పైన రోడ్డు వేసినచో నగరవాసులు హాయిగా నదీసౌందర్యమును చూచుచు పోవచ్చును గదా యని. ఆలోచన దుష్టమైనది కాదు; చేసినవారు దుర్మార్గులు కారు. వాషింగ్టను పోస్టు పత్రిక 1954 జనవరిలో ఈ రోడ్డును సమర్థించుచు సంపాదకీయము వ్రాసెను.

అప్పుడు విలియం డగ్లస్ అనునాయన రంగమునకు వచ్చెను. ఆయన ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమున 1939నుండి న్యాయమూర్తి. వయస్సు ఏఁబదియైదు. ఆయన పత్రికను దూషింపలేదు. ప్రభుత్వముపై దావా వేయలేదు. పత్రికకు ఒక లేఖ వ్రాసెను. దాని తాత్పర్య మిది: ఆ సంపాదకీయము వ్రాసినవారు నాతో వచ్చి ఆ గట్టుపొడవునను నడచి చూడవలెను, చూచినచో వారే దానిని కాపాడుటకు నా ప్రక్క నిలుతురు. సంపాదకులు అభిమానవంతులు. వచ్చెదమని ఒప్పుకొనిరి.

1954 మార్చి 20వ తేదీన కంబర్లండునుండి నడక మొదలయ్యెను. పదుల కొలఁది జనులు వెంట బయలుదేఱిరి. చలి వదలని దినములు. పాదములకు పొక్కులెక్కెను. కొందఱు నడుమ నిలిచిపోయిరి. సంపాదకులును కొంతదూరమే నడువఁగలిగిరి. ఎనిమిది దినముల కాలములో తుదిదాఁక నడచినవారు డగ్లసుతో కూడ తొమ్మండుగురు మాత్రమే. దారిపొడవున పల్లెవాసులును బడిపిల్లలును వారిని చూచుటకు వచ్చిరి. పత్రికలు ప్రతిదినము వార్తలు ప్రకటించెను. ఫలిత మేమి? వాషింగ్టను పోస్టు పత్రిక తన పూర్వాభిప్రాయమును చాలవఱకు మార్చుకొని వ్రాసెను.

మన న్యాయశాస్త్రమున ప్రమాణములలో మొదటిది ప్రత్యక్షము. అనుమానమును శబ్దమును తరువాతివి. పటమును చూచి అనుమానించిన వారికి అది చచ్చిన కాలువ. కాళ్లతో నడచి ప్రత్యక్షముగా చూచినవారికి అది బ్రతికియున్న అడవి. ఆ న్యాయమూర్తి చేసినపని వాదము కాదు. సాక్షులను స్థలమునకు తీసికొని పోవుట. పూర్వము మన గ్రామపెద్దలు గట్టు తగవు తీర్చునప్పుడు చేసినదియు నదియే గదా!

అంతటితో పని ముగిసినదని తలంపరాదు. 1956లో రోడ్డు ప్రయత్నమును విడిచిరి. 1961లో అధ్యక్షుఁడు ఐసెన్‌హోవర్ కాలువలో కొంతభాగమును జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1971 జనవరిలో నిక్సన్ సంతకముచేసిన శాసనముచే అది యంతయు జాతీయ చారిత్రక ఉద్యానమయ్యెను. నడకకును శాసనమునకును నడుమ పదునేడేండ్లు పట్టెను. ఆ పదునేడేండ్లును నడిచినవారు సంఘముగా చేరి, గట్టును భాగములుగా పంచుకొని, తనిఖీ చేయుచు, అధికారులకు వ్రాయుచు నుండిరి. 1977లో ఆ ఉద్యానమును డగ్లసు పేర అంకితము చేసిరి. ఆయన 1980లో పరమపదించెను.

నేను మా కుమారుని యింట కొన్ని మాసములు ఆ ప్రాంతమున నుండి, ఆ గట్టుమీఁద పలుమాఱులు సైకిలుపై పోయితిని. వాషింగ్టనునుండి యెగువకు పోవునప్పుడు ఎడమవైపున నది, కుడివైపున కాలువ. నీరున్న భాగములలో పడిపోయిన మ్రాఁకులపై తాబేళ్లు వరుసగా కూర్చుండి యెండ కాఁగుచుండును. మన నారాయణపక్షి జాతికి చెందిన పెద్దకొంగ నీటియంచున కదలక నిలిచియుండును. తెల్లని బెరడు గల సికమోరు వృక్షములు రెండువైపుల పందిరివేయును. మైలు మైలునకు గుఱుతు స్తంభమును, కొన్ని మైళ్ల కొకచోట రాత్రి నిలుచుటకు విడిదియును, చేతిపంపును ఉండును. పాత లాకు కాపరుల రాతియిండ్లు కొన్ని యింకను నిలిచియున్నవి. గట్టు మన్నును కంకరయు గలది గనుక వేగముగా పోవ వీలులేదు. పోవలసిన పనియు లేదు. ముందు నడచువారున్నచో గంట కొట్టి, నోటితోను చెప్పి, మెల్లగా దాఁటుదురు. సొరంగమువద్ద దిగి, దీపము పట్టుకొని, బండిని నడిపించుకొని పోవలెను. డెబ్బదియేండ్ల దంపతులును, తండ్రుల వెనుక చిన్నబండ్లు త్రొక్కు పిల్లలును నాకు కనఁబడిరి. మన తెలుఁగు మాటలు కూడ చెవినిబడినవి. ఆ ప్రాంతమున మనవారు చాలమంది కాఁపురము లున్నారు. అడ్డముగా దూసికొనివచ్చు బండి లేదను ధైర్యమే వృద్ధుని, బాలుని ఒకేబాటపై నడిపించుచున్నది.

మఱొక వింతను చెప్పుట మఱచితిని. కంబర్లండునుండి పిట్స్‌బర్గు నగరమువఱకు విడిచిపెట్టఁబడిన రైలుదారుల మీఁదుగా 150 మైళ్ల సైకిలుబాట 2013లో పూర్తియయ్యెను. పిట్స్‌బర్గులోనే ఒహాయో నది పుట్టుచున్నది. అనఁగా 1828లో పడవ చేరఁగోరిన గమ్యమును, నూట యెనుబదియైదేండ్లకు సైకిలు చేరినది! కాలువను ఓడించినది రైలు. కాలక్రమమున కొన్ని రైలుదారులకును అదే గతి పట్టినది. ఓడినవాని గట్టును, ఓడించిన వర్గమువాని కట్టను ఒకే చక్రము కలిపినది. వఱదలు మాత్రము పాత పగను మఱవలేదు. 1996లో రెండుమాఱులు వచ్చి గట్టును కోసెను. స్వచ్ఛందముగా వచ్చిన జనులు మన్ను మోసి మరల పూడ్చిరి.

ఇఁక మన సంగతి. అమెరికావారు ఆ కాలువ త్రవ్వుట ముగించు నాఁటికే, 1847నుండి 1852వఱకు, ధవళేశ్వరమువద్ద కాటన్ దొర ఆనకట్ట కట్టించుచుండెను. రైళ్లకంటె జలమార్గములే దేశమునకు చౌక యని వాదించిన మహాశయుఁ డాయన. మన కాలువలును పంటకే కాక పడవకుగూడ ఉద్దేశింపఁబడినవి. అచ్చట కంచరగాడిదలు లాగినచోట ఇచ్చట మనుష్యులు గట్టుమీఁద నడచుచు త్రాళ్లతో లాగిరి. ఆ పడవల చివరి దినములను నా చిన్నతనమున నేనును చూచితిని. పడవలు పోయినను, దైవానుగ్రహమున మన కాలువలు చావలేదు. నేఁటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. ముప్పదియేండ్లు నేను ఆ గట్లమీఁద, చెట్లనీడన, సైకిలుపై బడికి పోయి వచ్చితిని. అప్పుడు నా వెనుక నా శిష్యులు గుంపుగా వచ్చెడివారు. నేఁడు ఆ గట్టుపై ఇసుక లారీలు పోవుచున్నవి. పిల్లలను తల్లులు సైకిళ్లపై పంపుటకు వెఱచుచున్నారు.

బండిబాటలు వలదని నే ననను. ధాన్యము మిల్లునకు పోవలెను. రోగి ఆసుపత్రికి పోవలెను. పొటోమాకు తీరమునను రోడ్లు లేకపోలేదు. కార్లు వానిపై పోవుచున్నవి. ప్రతి కాలువకు రెండు గట్లున్నవి. రెండింటిని లారీలకే ధారపోయవలెనా, ఒకదానినైన నడచువారికిని, సైకిలు త్రొక్కు పిల్లలకును, వృద్ధులకును విడువవచ్చునా యనునదియే ప్రశ్న. ఈ ప్రశ్న మీ యూరి పంచాయతీ యెదుటికి ఏనాఁడైనను రావచ్చును. గట్టు వెడల్పుచేయుటకు చెట్లు కొట్టవలెనని కాగితము వచ్చును. సంతకము చేయుటకు ముందు మీ పెద్దలు నలుగురు చేతికఱ్ఱలు పట్టుకొని, అవతలిపక్షము వారిని గూడ వెంటఁబెట్టుకొని, ఒక యుదయమున ఆ గట్టు మొదటినుండి చివరిదాఁక నడచి చూడుఁడు. చూచిన పిమ్మట మీకు న్యాయమని తోఁచినది చేయుఁడు. నడువకముందు మాత్రము తీర్పు చెప్పకుఁడు. ఇదియే నా మనవి.